ఆపదలవలన గ్రామములకు గలుగు నష్టము: దాని మూలములు, నివారణోపాయములు
(మాచర్ల ప్రాంతపు పట్టాదారు రైతుల యుపయోగార్థము)

1. ఉపద్రవము వేఱు, విపత్తు వేఱు

వానలు కురియకపోవుట, మితిమీఱి కురియుట, ఏఱు పొంగుట, ఎండ తీవ్రమగుట, పైరునకు పురుగు పట్టుట యనునవి మనుష్యుల చేతిలోనివి కావు. వీనిని ఉపద్రవము లందురు. కాని యుపద్రవము వచ్చినంతమాత్రమున గ్రామము చెడదు. ఒకే యేట వాన తప్పినపుడు ఒక గ్రామములోని రైతులు పశువులను నిలుపుకొని మఱుసటి యేడు విత్తనము చల్లుకొందురు. ప్రక్క గ్రామములోనివారు పశువుల నమ్ముకొని, పొలమును తాకట్టుపెట్టి, కూలికై వలసపోవుదురు. వాన రెండు గ్రామములకును సమానముగనే తప్పినది. నష్టము మాత్రము సమానముగ లేదు. ఈ భేదమునకు గల కారణములను విచారించుటయే యీ కరపత్రముయొక్క యుద్దేశము.

నష్టము మూడు విషయములను బట్టి యుండును. మొదటిది, ఉపద్రవముయొక్క తీవ్రత. రెండవది, దాని దారిలో నున్న మనుష్యులు, పశువులు, ఇండ్లు, పైరులు. మూడవది, ఆ మనుష్యుల దౌర్బల్యము. అనగా దెబ్బను తట్టుకొని మరల నిలద్రొక్కుకొనుటకు వలయు సాధనములు లేకపోవుట. మొదటిదానిని మార్చుట రైతునకు శక్యము కాదు. రెండవదానిని కొంతవఱకు మార్చవచ్చును. మూడవది చాలవఱకు మనుష్యుల యేర్పాటులవలన గలిగినదే గావున మనుష్యులే దానిని తొలగింపగలరు.

భారతదేశమున 2005 సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము, ఆపద వచ్చినపిమ్మట చేయు సాయముతోబాటు ముందు జాగ్రత్తలకును చోటిచ్చినది. 2015 మార్చి మాసమున జపానుదేశపు సెండాయి నగరమున వివిధ దేశములవారు సమావేశమై, 2030 వఱకు ననుసరింపవలసిన కార్యక్రమము నేర్పఱచుకొన్నపుడు, దౌర్బల్యమును ముందుగనే తగ్గించుట ముఖ్యమని నిర్ణయించిరి. ఈ సూత్రము పల్నాటి రైతునకు క్రొత్తది కాదు. ఎండకాలములో కట్ట వేసికొనినవాడే వానకాలములో నిద్రపోవునని రైతు లెఱుగుదురు.

2. నందన కఱవు నేర్పిన పాఠము

1832-33 లో, అనగా నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమకు ఘోరమైన కఱవు వచ్చినది. జనులు దీనిని నందన కఱవనియు, డొక్కల కఱవనియు చెప్పుకొనిరి. అప్పటి గుంటూరు జిల్లా జనసంఖ్య సుమారు 5 లక్షలు. అందు లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు మరణించినట్లు లెక్కలు తెలుపుచున్నవి.

ఇంతటి ప్రాణనష్టమునకు వాన తప్పుట యొక్కటియే కారణము కాదు. ఆనాడు రైలు లేదు, బండిబాటలు స్వల్పము. ధాన్యమున్న సీమనుండి ధాన్యమును దెచ్చుటకు ఎడ్లు కావలెను. ఎడ్లకు మేతయు నీరును లేవు. పంట లేనందున కూలిపని లేదు. కూలి లేనివాడు అంగడిలో ధాన్యమున్నను కొనలేడు. 1876-78 నాటి ధాత కఱవు గడచినపిమ్మట విచారణ జరిపిన కఱవు కమీషనువారు గూడ, 1880 లో, కఱవునందు ధాన్యము లేకపోవుటకంటె పనియు కూలియు లేకపోవుటయే పెద్ద కీడని కనుగొనిరి. కావున కఱవును కొలుచుటకు వాన లెక్క యొక్కటియే చాలదు. ఊరిలో నెందఱకు పని గలదు, ఎందఱకు నిలువ గింజలు గలవు అను లెక్క గూడ కావలెను.

నందన కఱవు పిమ్మట, 1852 మొదలు 1855 వఱకు, బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టబడెను. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములకు కాలువ నీరు వచ్చెను. పల్నాడు మాత్రము మెట్టగనే నిలిచినది. కృష్ణ పల్నాటికి ఉత్తరపు హద్దుగ ప్రవహించుచున్నను, లోతైన గట్లనడుమ క్రిందుగ పాఱుచుండుటచే ఆ నీరు తనంతట పొలమున కెక్కదు. ఒకే నది ప్రక్కన నున్నను తూర్పువారికి మాగాణియు, పడమటివారికి వానకై యెదురుచూచుటయు సంభవించినవి. పిమ్మట వచ్చిన కఱవులలో నీ రెండు భాగములవారి నష్టము సమానముగ నుండకపోవుటకు ఇది కారణము.

3. కాలువ తెచ్చిన లాభము, కాలువ తెచ్చిన పరాధీనత

1955 డిసెంబరు 10వ తేదీన నందికొండవద్ద నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేయబడెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ క్రింద గుంటూరు, ప్రకాశము సీమలలోని లక్షలాది యెకరములు సాగులోనికి వచ్చినవి. జొన్న పండిన చోట వరి పండినది. ప్రత్తియు మిరపయు పెరిగినవి. ఇది గొప్ప మేలు.

అయినను కాలువ యొక దౌర్బల్యమును తొలగించి వేఱొకదానిని దెచ్చినది. జొన్న, సజ్జ, కంది పండించు రైతు తన పొలముపై గురియు వానను చూచుకొనెడివాడు. కాలువ రైతు మహారాష్ట్ర, కర్ణాటకములలో గురియు వానపై నాధారపడినవాడు. సాగరమునకు పైన ఆలమట్టి, నారాయణపురము, జూరాల, శ్రీశైలము జలాశయములు గలవు. అవి నిండినగాని సాగరమునకు పుష్కలముగ నీరు రాదు. 2002, 2015 సంవత్సరములలో ఎగువ వానలు తక్కువైనపుడు సాగరపు కాలువలక్రింద వరికి నీరు చాలలేదు. కాలువను నమ్మి మెట్టపంటల విత్తనము నుంచుకొనని రైతునకు ఆ యేడు విత్తుటకు వేఱు మార్గము లేకపోయినది. కాలువ చివరనున్న రైతునకు మంచి యేడు గూడ నీరు ఆలస్యముగ చేఱును. చెడ్డ యేడు మొదట నతనికే తప్పును.

మఱియు కాలువ యందఱకును లేదు. నల్లమల యంచుననున్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలములలోని యెత్తుపొలములకు కృష్ణ నీరెత్తుటకై వరికపూడిసెల యెత్తిపోతల పథకమునకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగినది. పునాదిరాయిని చూచి యప్పుచేయుట తగదు. నీరు పొలమున కెక్కిన పిమ్మటనే దానిని పంట లెక్కలోనికి దీసికొనవలెను.

బోరుబావుల సంగతియు నిట్టిదే. ఈ ప్రాంతపు నేలక్రింద నాపరాతి పొరలు గలవు. నీరు ఆ రాతి పగుళ్లలో నిలిచియుండును గాని యంతట సమానముగ నుండదు. ఒక రైతునకు నీరుపడిన చోటికి పదిగజముల దూరమున వేఱొకనికి పొడిరాయి తగులుట కలదు. ఒకడు లోతుగ బోరు వేసి తోడిన, ప్రక్కవాని పాతబావి యెండుటయు కలదు. ఒకదానిపై నొకటిగ బోరులు వేయుటకై చేసిన యప్పు, కఱవు పోయినపిమ్మటను పోదు.

4. వఱద: పైచెఱువు తెగిన క్రిందిచెఱువు నిలువదు

నల్లమలలో పుట్టిన చంద్రవంక మాచర్ల ప్రక్కగ ప్రవహించి, యెత్తిపోతలవద్ద దుమికి, కృష్ణలో గలియును. ఇట్టి వాగులు ఏడాదిలో చాలకాలము సన్నగ నుండుటచే జనులు వానిని లెక్కపెట్టరు. వాగుగట్టును దున్నుటయు, వాగులో నిండ్లు వేసికొనుటయు, మోరీలను చెత్తతో పూడ్చుటయు నలవాటగును. కొండలలో పెద్దవాన పడిననాడు వాగు తన పాతదారిని వెదకికొనును. దోషము వాగుది కాదు.

చెఱువుల విషయమున హైదరాబాదు సంస్థానపు టనుభవము గమనింపదగినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మంది మృతిచెందిరి. ఎగువనున్న చెఱువులు రెండువందలకు పైగా తెగి, ఒకదాని నీరు వేఱొకదానిపై బడి, నదికి చేఱినవి. పిమ్మట సంస్థానమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి యాలోచన గైకొని, 1920 లో ఉస్మానుసాగరమును, 1927 లో హిమాయతుసాగరమును ముగించిరి. గొలుసు చెఱువులలో నొకదాని కట్ట బలహీనముగ నున్న, క్రిందనున్న యూళ్లన్నిటికిని అపాయమే. కట్ట యొక గ్రామముది. ముంపు వేఱొక గ్రామముది.

"మా తాతల కాలమునుండి యింత నీరు రాలేదు" అను మాటయు నమ్మదగినది కాదు. శ్రీశైలము జలాశయము సెకనుకు 19 లక్షల ఘనపుటడుగుల వఱదకు లెక్కవేసి కట్టబడినది. 2009 అక్టోబరులో అచ్చటికి 25 లక్షలకు పైగా వచ్చినది, కర్నూలు మునిగినది. అదే నెల 5వ తేదీన విజయవాడ ప్రకాశము బారేజీవద్ద 11.10 లక్షల ఘనపుటడుగులు పాఱినవి. ఆ లెక్కయే గరిష్ఠమని తలచిరి. 2024 సెప్టెంబరు 2వ తేదీన 11.43 లక్షలు పాఱినవి.

ముందుగ తెలియుటవలన ప్రాణనష్ట మెంత తగ్గునో ఇదే నది ముఖమున జరిగిన రెండు తుపానులు చూపుచున్నవి. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో సముద్రము దివిసీమపై బడి సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే మాసమున కృష్ణా తీరమునకు మఱియొక ప్రచండమైన తుపాను వచ్చినది. అప్పటికి హెచ్చరిక యందినది, జనులను ముందుగ తరలించిరి, మరణములు వేయిలోపు. గాలి తగ్గలేదు, జనుల దౌర్బల్యము తగ్గినది.

5. ఎండ

మాచర్లకు సమీపముననున్న రెంటచింతల వేసవి వేడిమికి ప్రసిద్ధము. ఎండను జనులు ఆపదగ తలపరు; అది ఇంటికప్పును లేపదు, కట్టను తెంపదు. కాని 2015 వేసవిలో ఆంధ్రప్రదేశమున వడగాడ్పులవలన 1,300 మందికి పైగా మరణించిరి. ఎండ యందఱిపై నొకటే కాసినది. మిట్టమధ్యాహ్నము పొలములో పనిచేయు కూలివాడు, రేకులకప్పు క్రిందనుండు వృద్ధురాలు, నీడలేనిచోట పశువులను మేపు కాపరి ముందుగ పడిపోవుదురు. మిరపకాయల కోతలు వేసవిలోనికి సాగునపుడు కూలివారి పనివేళలను నిర్ణయించువాడు భూస్వామియైన రైతే. కావున ఈ దౌర్బల్యమును తగ్గించుట చాలవఱకు నతని చేతిలోనిదే.

6. పురుగు, పెట్టుబడి, అప్పు

2021-22 పంటకాలమున గుంటూరు, పల్నాడు ప్రాంతముల మిరపతోటలకు నల్ల తామరపురుగు పట్టినది. ఈ పురుగు భారతదేశమున మొదట 2015 లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై గనబడినది. పూవులో జేరి రసము పీల్చుటచే పూత రాలి కాయ నిలువలేదు. రైతులు మందుపై మందు కొట్టిరి. ఖర్చు పెరిగినది, పురుగు తగ్గలేదు.

పురుగు ఉపద్రవము. దానిని విపత్తుగ మార్చినవి వేఱు గలవు. ఊరంతయు నొకే పైరు వేయుట. ఎకరమునకు మిక్కిలి పెట్టుబడి పెట్టుట. ఆ పెట్టుబడి అప్పుగ దెచ్చుట. పురుగుమందును అరువిచ్చిన వర్తకుని సలహాచొప్పున వాడుట. మూడెకరములు మిరప వేసినవానికిని, ఒక యెకరము మిరప, ఒక యెకరము కంది, ఒక యెకరము జొన్న వేసినవానికిని పురుగు సమానముగనే పట్టెను. రెండవవాని యింట గింజలును, పశువులకు చొప్పయు మిగిలినవి.

పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు పరిహసించినట్లు ప్రసిద్ధి. ఆ జొన్నయే యీ మెట్టనేలకు తగిన పైరు. తక్కువ నీటితో గింజనిచ్చును. చొప్పతో పశువును నిలుపును. లాభపు పైరును విడువుమని చెప్పుట లేదు. ఇంటికి కావలసిన గింజయు, పశువునకు కావలసిన మేతయు మొదట చూచుకొని, మిగిలిన నేలలో లాభపు పైరు వేయుట మేలని చెప్పుట మాత్రమే.

మేత యెంతటి ప్రాణావసరమో పల్నాటి చరిత్రమే చెప్పును. 1921-22 లో అడవిలో పశువులు మేపుటకు విధించిన పుల్లరిని రైతులు నిరాకరించిరి. ఆ యుద్యమమున మించాలపాడు వాసియైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకికాల్పులకు గుఱియై మరణించెను. మేత లేని యేడు పశువులను సగము ధరకు అమ్ముకొన్న రైతు మఱుసటి యేడు దున్నుటకును పాడికిని అప్పుచేయవలసి వచ్చును.

7. గ్రామములో దౌర్బల్య మెవరియందు గలదు

ఆపద వచ్చినపుడు ఊరంతటి దౌర్బల్యము ఒక్కటిగ నుండదు. పట్టా గల రైతునకు బ్యాంకులో అప్పు పుట్టును, బీమా వచ్చును, ప్రభుత్వ సాయము వచ్చును. అతని పొలమును కౌలుకు చేసిన రైతు పెట్టుబడి పెట్టును, నష్టము భరించును; కాగితముమీద మాత్రము అతని పేరు లేదు. కౌలు ముందుగనే చెల్లించినవానికి పంట పోయినపుడు రెండు నష్టములు. పంటనష్టపు సొమ్ము పట్టాదారుని లెక్కలో పడి, నష్టపోయినవానికి చేఱకపోవుటయు కలదు.

ఈ లోపమును దీర్చుటకై ఆంధ్రప్రదేశమున 2011 లోను, మరల 2019 లోను చట్టములు చేయబడినవి. 2019 సంవత్సరపు చట్టము ప్రకారము భూయజమాని యంగీకారముతో పదునొకండు నెలలకు సాగుదారునకు పత్రమీయవచ్చును. దానివలన భూమిపై యజమాని హక్కునకు భంగము లేదని అందు స్పష్టముగ నున్నది. అయినను సంతకము చేసిన పొలము పోవునను భయముచే పలువురు పట్టాదారులు సంతకము చేయరు. ఆ భయమునకు ఆధారము లేదు. సంతకము చేయనందున కలుగు నష్టమునకు మాత్రము ఆధారము గలదు: చితికిన కౌలుదారు మఱుసటి యేడు పొలము తీసికొనడు, పొలము బీడుపడును.

కౌలుదారులుగాక, భూమిలేని కూలివారు, ఒంటరి స్త్రీలు, వృద్ధులు, గొఱ్ఱెలకాపరులు, పనికై వచ్చి పొలములలో గుడిసెలు వేసికొన్నవారు గలరు. హెచ్చరిక వారికి చివర తెలియును. సాయపు జాబితాలో వారి పేరు చివర నుండును.

8. వర్షాకాలమునకు ముందు చేయదగిన పనులు

(1) చెఱువుకట్టను, తూమును, అలుగును గ్రామస్థులు కలిసి పరీక్షింపవలెను. కట్టపై మొలచిన చెట్లను, ఎలుకకన్నములను, నీరూరు చోట్లను గుఱుతు పెట్టవలెను. ఎక్కువ నీరు నిలుపుటకై యలుగుపై రాళ్లు, బస్తాలు పెట్టరాదు. పైగ్రామమువారితోను, క్రిందిగ్రామమువారితోను ముందుగ మాటాడుకొనవలెను.

(2) వాగుదారిని దున్నరాదు, పూడ్చరాదు. మోరీలను శుభ్రము చేయింపవలెను.

(3) ఒక పెద్దపశువునకు రోజునకు 6 మొదలు 8 కిలోల యెండుమేత కావలెను. ఆ లెక్కన రెండు పశువులకు మూడుమాసములకు సుమారు 1,250 కిలోలు. ఇంత మేతను వాములో నుంచి, అది తఱుగకుండ చూచుకొనవలెను.

(4) కాలువ క్రింది రైతు గూడ కంది, జొన్న, మినుము మొదలగు స్వల్పనీటి పంటలలో నొకదాని విత్తనమును ఇంట నుంచుకొనవలెను. నీరు రాదని తెలిసిననాడు విత్తనము వెదకుట ఆలస్యము.

(5) ప్రత్తిలో కందిసాళ్లు వేయుట, మిరపచుట్టు జొన్న లేక మొక్కజొన్న వరుసలు వేయుట, నీలిరంగు జిగురు అట్టలు కట్టి పురుగును ముందుగ కనిపెట్టుట మంచిది. మందును వ్యవసాయశాఖవారి సలహాచొప్పున మాత్రమే వాడవలెను.

(6) పంట సగమే వచ్చినను తీర్పగలిగినంత యప్పు మాత్రమే చేయవలెను.

(7) ఈ-పంట నమోదు సాగుచేయువాని పేర జరుగవలెను. కౌలుదారునకు పత్రము వ్రాసి యీయవలెను. బీమా నిబంధనలు మాఱుచుండును గావున గడువుతేదీని విత్తనము వేయక మునుపే విచారించుకొనవలెను.

(8) వేసవిలో కూలివారి పని తెల్లవాఱుజామున మొదలిడి, ఎండ ముదురకమునుపే ముగింపవలెను. పొలములో నీడయు, త్రాగునీరును, మజ్జిగయు నుంచవలెను. మాట తడబడి యొడలు కాలుచున్నవానిని వెంటనే నీడకు జేర్చి, తడిగుడ్డతో తుడిచి, వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

(9) వాగుప్రక్కనున్న యిండ్ల జాబితాను, ఒంటరివారి, వృద్ధుల, గర్భిణుల, వికలాంగుల పేర్లను పంచాయతీలో వ్రాసియుంచవలెను. ఎవరి నెవరు, ఏ దారిని, ఏ యింటికి చేర్చవలయునో ముందుగనే నిర్ణయింపవలెను. పక్కామిద్దెలు గల రైతులు అట్టి సమయమున తమ మిద్దెలను తెఱచుట ధర్మము.

(10) చెఱువుపూడిక, కట్టమరమ్మతు మొదలగు పనులను పనిలేని మాసములలో పెట్టించుటకు గ్రామసభలో తీర్మానింపవలెను. దీనివలన కూలివారికి పనియు, ఊరికి నీరును గలుగును.

9. ముగింపు

పైన చెప్పిన పనులలో మిక్కిలి ధనవ్యయమైనవి కొద్ది. చాలవానికి వలసినది కొంచెము ముందుచూపు, కొంచెము కూడిమాటాడుట, ఒక సంతకము. 2022 ఏప్రిలు 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాగ నేర్పడినది. కచేరీలు దగ్గఱకు వచ్చినవి. కాని కచేరీ యెంత దగ్గఱనున్నను, ఉపద్రవము వచ్చిన మొదటి దినమున ఊరికి ఊరివారే దిక్కు. తన వాము, తన బావి, తన పట్టా భద్రముగ నున్నవని తలచు రైతు, తన కౌలుదారుయొక్కయు, తన కూలివానియొక్కయు, పైయూరి చెఱువుకట్టయొక్కయు స్థితిని గూడ విచారించినపుడే ఆ భద్రత నిజమగును.